మా అత్త పేరు పెట్టిన యాపిల్ కరకర

మా అత్త పోయింది. మొన్న తొలకరి మబ్బు కమ్ముకున్న ఉదయం నేను కొట్టు తలుపులు తీసి, మిరియాల బస్తా ముందుకు లాగుతున్నాను. విశాఖ ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోను చేశాడు. "అమ్మ..." అన్నాడు. కందిపప్పు కోసం వచ్చిన ఒకావిడ నా మొహం చూసి, చేతిలో సంచీ మడిచేసి, "అమ్మగారేనా?" అంది. తలూపాను. ఆవిడ అక్కడే నేల మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చింతపల్లి బజారులో మాది కిరాణా కొట్టు. మా అత్తని ఊరంతా కొట్టమ్మగారు అనేవారు. నర్సీపట్నం దగ్గర పల్లె నుంచి పెళ్లి చేసుకుని కొండెక్కింది. మా ఆయన బడికి వెళ్లే వయసులోనే మామగారు పోయారు. కిందకి వచ్చెయ్యమని పుట్టింటివాళ్లు ఎంత చెప్పినా వెళ్లకుండా కొట్టు తనే నడిపింది. చలికాలంలో మామగారి పాత స్వెట్టరు చీర మీద తొడుక్కుని, నెత్తికి మంకీ క్యాపు పెట్టుకుని కూర్చునేది. ఏ సరుకు వచ్చినా ముందు గుప్పెట్లోకి తీసుకుని వాసన చూడాలి. పసుపుకొమ్ము విరిచి చూసేది, మిరియం పంటి కింద నలిపి చూసేది. "కళ్లని మోసం సెయ్యొచ్చు గానీ ముక్కునేటి సేత్తారు?" అనేది.

సంతకి దిగిన కొండ ఆడవాళ్లు నెత్తి మీది బరువులు ముందు ఆవిడ కొట్టు దగ్గరే దించేవారు. కూర్చోమనేది, మంచినీళ్లు ఇచ్చేది, పిల్లల చేతుల్లో బెల్లంముక్క పెట్టేది. కాని ఆ నీళ్లు ఇచ్చే గ్లాసులు వేరుగా ఉండేవి. వాటిని ఇంట్లోకి తెచ్చేవారు కాదు. ఈ రెండూ నిజమే. పోయిన మనిషని ఒకటి చెప్పి ఒకటి దాస్తే మా అత్త నన్ను మెచ్చుకోదు.

ఆ వేరే గ్లాసుల్లో నీళ్లు తాగినవాళ్లలో మా అమ్మా ఉంది. నేను కొండ మీది గుంటని, గిరిజనుల పిల్లని. హాస్టల్లో ఉండి ఇంటరు చదివి, అరకులో టూరిస్టులు దిగే గెస్ట్‌హౌసు వంటింట్లో పనికి కుదిరాను. మా ఆయన జీపులో అక్కడికి సరుకులు తెచ్చేవాడు. అలా కలిశాం. ఎవరికీ చెప్పకుండా రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకుని ఆవిడ గుమ్మం ముందు నిలబడ్డాం.

అరవలేదు. కొడుకుని చూసింది, నన్ను చూసింది. "లోపలికి రండి, బయట మంచు కురుస్తాంది" అంది. మర్నాడు పొద్దున్న పెరట్లో రేకుల పాక చూపించింది. అందులో కొత్త గ్యాసుపొయ్యి ఉంది. "వాడికి నువ్వు వండు. నాది నేను వండుకుంతాను" అంది, అంతే.

అలా ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయి. నన్ను పస్తుంచలేదు. కొట్లో మంచి బియ్యం నాకే ముందు తీసి పెట్టేది. జ్వరం వస్తే తడిగుడ్డ వేసి పక్కన కూర్చునేది. కాని నా చేతి వంట ముట్టేది కాదు. టీ ఇస్తే, "అక్కడ పెట్టు" అనేది. అది అక్కడే మీగడ కట్టి చల్లారిపోయేది. కాసేపటికి నేనే వెళ్లి తీసుకొచ్చి పారబోసేదాన్ని. ఒక్కసారి తిడితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

మా నాన్న కాఫీ తోటలో ఒక మూల ఖాళీ ఉండేది. గవర్నమెంటువాళ్లు ఇచ్చిన యాపిల్ మొక్కలు అక్కడ నాటాడు. చాలామటుకు చచ్చిపోయాయి. బతికినవి ఆ ఏడు ఎండలు తగ్గుతుండగా కాశాయి. చిన్న కాయలు, ఒక పక్కన ఎరుపు, ఒక పక్కన ఆకుపచ్చ. నాన్న వాటిని సంచీలో పోసుకుని, భుజాన వేసుకుని కొండ దిగి కొట్టుకి వచ్చాడు.

"అమ్మా, మా సెట్లు కాసినాయి. మొదటి కాపు. మీ ఇంట్లో పెడదామని తెచ్చినాను" అన్నాడు.

"అక్కడ పెట్టు" అంది అత్త.

నాన్న సంచీ వరండాలో గోడకి చేరవేసి, నా వైపు చూసి నవ్వి, నీళ్లయినా తాగకుండా వెళ్లిపోయాడు. నేను ఆ సంచీ ముట్టలేదు. ఆవిడా ముట్టలేదు. వరండాలో ఎవరు నడిచినా దాన్ని తప్పుకుని నడిచేవాళ్లం. కొన్నాళ్లకి కాయలు మెత్తబడి వాసన మొదలైంది. ఆ వాసన ఆవిడ ముక్కుని వదల్లేదు.

"ఏటే గుంటా, మీ నాన్న మోసుకొచ్చినవి కుళ్లబెట్టేత్తావేటి?"

"ఈ రకం పచ్చిగా తింటే పుల్లగా ఉంటాయి అత్తా. వీటితో ఒకటి చెయ్యడం నాకొచ్చు. యాపిల్ క్రిస్ప్ అంటారు. ఓట్స్ కావాలి."

ఓట్స్ మా ఇంట్లో దండిగా ఉన్నాయి. షుగరుందని డాక్టరు చెబితే అత్త తెప్పించుకుంది. ఒకసారి జావ కాచుకుని తాగి, "ఇది గోడలకి పూసుకోడానికి బాగుంతాది" అని పక్కన పడేసింది. ఆ ప్యాకెట్టు తెచ్చి నా పాక గుమ్మంలో పెట్టింది.

గెస్ట్‌హౌసులో కరెంటు ఓవెను ఉండేది. మా ఇంట్లో అదెక్కడిది? పెద్ద అల్యూమినియం డేగిసాలో ఇసక పోసి, సన్న మంట మీద వేడెక్కనిచ్చాను. కాయలు చెక్కు తీసి, ముక్కలు కోసి, నల్లబడకుండా నిమ్మరసం పిండి, బెల్లంపొడి కలిపి గిన్నెలో పరిచాను. ఓట్స్‌లో కాస్త గోధుమపిండి, బెల్లం, చిటికెడు ఉప్పు వేసి, చల్లటి వెన్న వేళ్ల కొసలతో నలుపుతూ కలిపాను. ముద్ద కాకూడదు, పొడిపొడిగా, చిన్న చిన్న గడ్డలుగా ఉండాలి. దాన్ని ముక్కల మీద చల్లుతుంటే గుమ్మంలో నీడ పడింది. అత్త నిలబడి ఉంది. దాల్చినచెక్క పొడి ఉన్న నా సీసా తీసుకుని మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది సచ్చిపోయింది" అంది. వెళ్లి కొట్లోంచి చుట్టచుట్టుకున్న పలుచటి చెక్క తెచ్చి, తనే రోట్లో వేసి దంచి, "ఇది ఎయ్" అంది.

డేగిసాలో గిన్నె దించి మూత పెట్టి, పైన బరువుకి రాయి పెట్టాను. అత్త వెళ్లలేదు. పీట లాక్కుని గుమ్మానికి అవతల కూర్చుంది. వెన్న, బెల్లం, దాల్చినచెక్క, యాపిల్ వాసన కలిసి పాకంతా నిండి పెరట్లోకి పోతోంది. నేను మూత తియ్యబోతే, "ఉండు, ఇంకా పచ్చి వాసనే వత్తాంది. తియ్యకు" అంది. ఆవిడ తియ్యమన్నప్పుడే తీశాను. పైన బంగారు రంగు తిరిగి, అంచుల్లో యాపిల్ రసం బుడగలు బుడగలుగా పొంగుతోంది.

"దీన్ని ఏటన్నావు?"

"క్రిస్ప్ అత్తా. అంటే కరకరలాడేది."

"అలాగైతే కరకర అనరాదేటి, నోరు తిరుగుతాది" అంది.

ఆ రోజు తినలేదు. నేను గిన్నెలో వేసి ఇస్తే దగ్గరికి తీసుకుని వాసన చూసి, వెనక్కి ఇచ్చేసింది. నా కళ్లల్లో నీళ్లు తిరిగితే చూడనట్టు లేచి వెళ్లిపోయింది.

ఆ చలికాలంలో మిరియాలు కోస్తూ మా నాన్న చెట్టు మీంచి పడ్డాడు. తుంటి విరిగింది. ఆపరేషను చేసి ఇంటికి పంపాక, అమ్మకి సాయంగా నేను కొండ మీదికి వెళ్లాను. నాన్న మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఎవరితో మాట్లాడేవాడు కాదు, అన్నం కలిపి పెట్టినా నోరు తెరిచేవాడు కాదు. మనిషి మనకి మిగలడేమోనని అమ్మ వంటింట్లో కూర్చుని ఏడ్చేది.

ఒక మధ్యాహ్నం వాకిట్లో కుక్క మొరిగింది. చూస్తే మా అత్త. షేర్ జీపు దిగి, ఆ ఏటవాలు దారంతా నడిచి వచ్చింది. చెప్పులు చేత్తో పట్టుకుంది. మంకీ క్యాపు కింద మొహమంతా చెమట. రెండో చేతిలో గుడ్డ చుట్టిన గిన్నె. నా అన్నాళ్ల కాపురంలో ఆవిడ మా ఊరు రావడం అదే మొదలు.

లోపలికి వచ్చి, ఎవరూ చెప్పకుండానే నాన్న మంచం పక్కన నేల మీద చతికిలబడింది. గుడ్డ విప్పింది. కరకర! బజార్లో కాశ్మీరు కాయలు కొని, నేను చేస్తుంటే చూసిందంతా గుర్తు పెట్టుకుని, తనే చేసింది. అడుగు మాడింది, పైన ఓట్స్ ఒక పక్క పచ్చిగా ఉంది.

"అన్నయ్యా" అంది.

ఆ మాట విని మా అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. నాన్న నెమ్మదిగా తల తిప్పాడు.

"నువ్వు కాయలు తెత్తే నిన్ను కూర్చోమనలేదు. ఇప్పుడు నేనే వచ్చి కూర్చున్నాను. తిను అన్నయ్యా. మాడింది, అయినా తిను."

చెంచాతో నోటికి అందించింది. నాన్న నోరు తెరిచాడు. చాలాసేపు నమిలాడు. "బాగుంది సెల్లమ్మా" అన్నాడు. ఎన్నో రోజుల తరవాత నాన్న నోట విన్న మొదటి మాట అదే. ఆ తరవాత అత్త అమ్మ వైపు తిరిగి, "ఒదినా, కొండెక్కి గొంతెండిపోయింది. ఏటైనా పొయ్యి" అంది. అమ్మ కంగారుపడి, ఉన్న చోడి అంబలి, అదే రాగి జావ, ఎండు సొరకాయ డొప్పతో ముంచి గ్లాసులో పోసింది. మా అత్త దాన్ని గుక్క తిప్పుకోకుండా తాగి, గ్లాసు మళ్లీ చాపింది.

నేను గోడకి ఆనుకుని ఏడుస్తున్నాను.

"నీకేటయిందే? ఉప్పెక్కువైందా కరకరలో?" అంది.

నాన్న కోలుకున్నాడు. కర్ర పట్టుకుని తోటలోకి వెళ్లగలిగాడు. నేను ఇంటికి వచ్చేసరికి పాకలో పొయ్యి లేదు. లోపల వంటింట్లో అత్త పొయ్యి పక్కన ఉంది. ఆ పొద్దున్న నేను టీ ఇస్తే ఊదుకుంటూ తాగి, "పంచదార తగ్గించు, నన్ను సంపేత్తావేటి?" అంది. కొట్టు ముందు వేరే గ్లాసులు కూడా తరవాత కనపడలేదు.

ఆ తరవాత ప్రతి ఏడూ తొలకరికి నాన్న కాయలు వచ్చేవి. ముక్కలు కొయ్యడం నాది, ఓట్స్ నలపడం ఆవిడది. చిటికెడు శొంఠి వెయ్యడం ఆవిడ కనిపెట్టిందే. షుగరు కదా, తను తినేది రెండు చెంచాలు. అది కూడా పైన కరకరలాడేదే గీరుకుని, కళ్లు మూసుకుని తినేది. ఒకసారి కింద నుంచి వచ్చిన ఆవిడ అక్క మొహం చిట్లించి, "ఆ గుంట చేతిది ఎలా తింతన్నావే?" అంది. మా అత్త చెంచా ఆపకుండా, "నోటితో" అంది.

పోయిన చలికాలం నుంచి మనిషి చిక్కిపోతూ వచ్చింది. అన్నం సహించేది కాదు. విశాఖ తీసుకెళ్తే కడుపులో గడ్డ ముదిరిపోయిందన్నారు. ఆ విషయం మేం చెప్పకముందే ఆవిడకి తెలిసిపోయింది. ఆసుపత్రి మంచం మీద ఉండి కూడా, నర్సమ్మ తెచ్చిన సూపు వాసన చూసి, "మిరియాలు పాతవి" అంది.

అప్పుడే నాన్న కాయలు కోసి కొట్టు దగ్గర దించాడని ఫోను వచ్చింది. నేను వెళ్లనన్నాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. వేళ్లలో బలం లేదు.

"ఎల్లే గుంటా. మీ నాన్న కుంటుకుంటూ కోసి తెచ్చినవి. బేగి సేసి పట్రా. నాకు దిగకపోతే పక్క మంచం పిల్ల తింతాది. నేను వాసన సూత్తాను."

అదే నాతో ఆవిడ ఆఖరి మాట. వెళ్లాను. రాత్రే చేసి పెట్టుకున్నాను. పొద్దున్న కొట్టు ఒక గంట తీసి, బస్సుకి వెళ్దామనుకున్నాను. ఆవిడ ఆ బస్సు దాకా ఆగలేదు.

నాన్నా నేనూ జీపులో నర్సీపట్నం దిగి, విశాఖ నుంచి అత్తని తెస్తున్న వ్యానెక్కాం. కరకర గిన్నె ఎందుకు పట్టుకెళ్లానో నాకే తెలియదు. మా ఆయన తల్లి కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందు రోజు నుంచి ఏమీ తినలేదట, ఏడవనూ లేదు. ఘాటు రోడ్డు సగం ఎక్కేసరికి మబ్బు దిగింది. దారి కనపడక డ్రైవరు పక్కకి తీసి ఇంజను ఆపాడు. నాన్న నా ఒళ్లో గిన్నె మూత తీసి, ఒక ముద్ద తీసి అల్లుడి నోటికి అందించాడు. "తిను బాబూ. మీ అమ్మయితే తిట్టి తినిపించును" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు మా ఆయన, నోట్లో ముద్దతోనే, చిన్నపిల్లాడిలా.

అంతలో మబ్బులోంచి మనుషులు వస్తున్నారు. సంత నుంచి తిరిగి వెళ్తున్నవాళ్లు, నెత్తి మీద గంపలు, కావిళ్లు. ముందున్న ముసలమ్మ వ్యాను కిటికీలోంచి లోపలికి తొంగి చూసి, వెనక్కి తిరిగి, "కొట్టమ్మగారు" అంది. ఒక్కొక్కరూ బరువులు దించి తడిసిన రోడ్డు మీద పెట్టారు. మబ్బు కాస్త విడిచి డ్రైవరు ఇంజను వేసేదాకా అలాగే నిలబడ్డారు. వ్యాను కదిలాక వెనక అద్దంలోంచి చూశాను. ఒకరి నెత్తికి ఒకరు గంపలు ఎత్తుకుంటున్నారు.