పెంటమ్మను పద్మను చేసిన పూట

ఈ పొద్దున మనవరాలు హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. బడిలో అమ్మమ్మ గురించి ఇంగ్లిషులో మాట్లాడాలట. "అమ్మమ్మా, నీ పేరు వేరేది చెప్పనా? అందరు నవ్వుతరు" అంది. నాకు తిక్క రేగింది. అరవై దాటిన మనిషికి ఈ పేరు గోల ఇంకా ఎన్నాళ్లు? దాని తల్లి కూడా ఒకప్పుడు సరిగ్గా ఇదే పని చేసింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో నా బిడ్డ తన ఆఫీసులో పనిచేసే ఒక ఇంగ్లండు ఆవిడకు పానగల్ గుళ్లు చూపించి, భోజనానికి నల్లగొండలోని మా ఇంటికి తీసుకొచ్చింది. ముందురోజే నాకు హుకుం జారీ అయింది: "అమ్మా, నీ పేరు పద్మ అని చెప్పిన. జర సంభాళించు." ఏళ్ల తరబడి బళ్లో పిల్లల హాజరు పిలిచిన దాన్ని, నా పేరు నాకే కొత్తగా నేర్పింది. ఆ వచ్చినావిడ జొన్నరొట్టె, కోడికూర తింటూ, ముక్కు తుడుచుకుంటూ, "పద్మా, పద్మా" అని మర్యాదగా పిలుస్తోంది. ఆ పద్మ ఎవరో పలకదేమనుకుంటూ నా రొట్టెలు నేను కాల్చుకుంటున్నాను. బిడ్డ మోచేత్తో పొడుస్తోంది. అంతలో వరండాలో మంచం మీద కూర్చున్న మా అమ్మ అరిచింది: "ఓ పెంటమ్మా! ఆమెకింత పెరుగెయ్యరాదే, కారానికి సచ్చేటట్టున్నది!"

ఆవిడ ఆ పేరు పట్టుకుంది. "పెంటమ్మ" అని చక్కగా పలికి, వినడానికి ఎంత బాగుందో అంది. ఇంగ్లిషు చెవికి ఆ పేరుతో ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందంతా అర్థం తెలిసిన మనవాళ్లకే. అర్థమేమిటని ఆవిడ అడగనే అడిగింది. బిడ్డ తల దించుకుని, చెత్తకుప్ప అని చెప్పింది. ఆవిడ ఆపుకోలేక నవ్వింది. ఎందుకు నవ్విందో, ఈ పద్మ ఎవరో చెప్పేదాకా మా అమ్మ ఊరుకోలేదు. చెప్పగానే మంచం దిగి లోపలికి వచ్చింది.

"ఎవరినడిగి మార్చినవే పేరు? దీనికంటే ముందుగాల ఇద్దరు పురిట్లనే పోయిన్రు. ఇది పుట్టంగనే చాటల వేసి పెంటకుప్ప మీద పండవెట్టిన. పక్కింటామె ఎత్తుకొస్తె ఇన్ని నూకలు పోసి కొనుక్కున్న. గిది నా బిడ్డ కాదు, పెంటల దొరికిందని గా పైనోనికి చెప్పిన. ఇప్పుడు మంచి పేరు వెడితె ఆయనకు యాదికి రాదా?"

బిడ్డ గొంతు తగ్గించుకుంటూ అదంతా ఇంగ్లిషులో చెప్పింది. ఆవిడ నవ్వు ఆగిపోయింది. వెళ్లేటప్పుడు నా చేతులు పట్టుకుని "పెంటమ్మా" అనే పిలిచింది. నాకు మాత్రం అందరిమీదా కోపమే. తల నెరిసిన దాన్ని, నలుగురిలో నన్ను పసిగుడ్డును చేసి కూర్చోబెట్టారు. మా అమ్మ ఆ రోజంతా నా వెంటే తిరిగింది, జ్వరమొచ్చిందేమోనని మాటిమాటికీ నా నుదురు తడిమి చూస్తూ. విసుగొచ్చి చెయ్యి తీసెయ్యమన్నాను, వినలేదు.

"ఉన్న పేరే చెప్పు. నవ్వితే నవ్వనీ" అని మనవరాలితో అన్నాను. మా అమ్మ పోయి కొన్నేళ్లయింది. ఊళ్లో అందరికీ నేను టీచరమ్మనే. పెంటమ్మ అన్న ఆ పేరు నన్నింకా కాపాడుతోందో లేదో నాకు తెలియదు. నాకేమవుతుందోనని నుదురు తడిమే చేతిని మాత్రం కాలం పట్టుకుపోయింది.