బాబాయి దాచిన ఎరుపు

వాగు పొంగి మా ఊరి మిరపచేలు మునిగిన ఏడాది నేను గుంటూరు బ్రాడీపేటలో ఒక చిన్న ఆఫీసులో పనిచేసేదాన్ని. ఉపగ్రహం తీసిన ఫోటోలను కంప్యూటర్లో చూసి, నీళ్లు నిలిచిన చోటల్లా గీతలు గీసి, పంటనష్టం తేల్చే పైవాళ్లకు పంపడం మా పని. ఊళ్లో మాత్రం ఉపగ్రహాన్ని నేనే తిప్పుతున్నానని మా బాబాయి ప్రచారం చేశాడు.

ఆయన చేను పూర్తిగా మునిగింది. ఆ సంగతి ఫోటోలో పడకపోతే నష్టం జరగలేదంటారేమోనని ఆయన దిగులు. ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు.

"ఆ ఫోటోల్లో నీళ్లు నల్లగా, బతికున్న పైరు ఎర్రగా కనిపిస్తాయి బాబాయ్," అన్నాను.

"పచ్చటి పైరు ఎర్రగా ఎందుకుంటుందే?" అన్నాడు. అది మన కంటికి కనిపించే ఎరుపు కాదని వివరించబోతే మీటరు తిరుగుతోందని పెట్టేశాడు.

అక్కడితో ఆగితే ఆయన మా బాబాయి ఎందుకవుతాడు. ఎర్రగా ఏది కనబడినా పైరు బతికుందని రాసేస్తారని తీర్మానించుకున్నాడు. నిల్వ ఉన్న పాత మిరపకాయలు వానకు చెమ్మెక్కితే పిన్ని డాబా మీద ఆరబోసింది. వాటిని మళ్లీ టిక్కీ బస్తాల్లోకి ఎత్తించాడు. ఎర్ర ట్రాక్టరు మీద బరకం కప్పాడు. పిన్నిని ఎర్రచీర మార్చుకోమన్నాడు.

"పైనుంచి నన్ను చూసి మిరపచేను అనుకుంటారా?" అని పిన్ని అడిగింది.

"నీ ఘాటు నీకేం తెలుసు," అన్నాడట.

ఫోటో ఎప్పుడు తీస్తారో తెలియదు కాబట్టి, ఎండ కాసినన్నాళ్లూ ఆ ఇంట్లోంచి ఎరుపన్నది బయటికి రాలేదు. మిరపకాయలకు టిక్కీల్లోనే బూజు పట్టింది.

ఫోటో వచ్చిందని తెలిసి బాబాయి ఆఫీసుకే వచ్చేశాడు. చేను చూపించాను. కాటుక పూసినట్టు నల్లగా ఉంది. "భేష్," అని తొడ కొట్టి, మా ఆఫీసు వాళ్లందరినీ పిలిచి "మాదే, మాదే" అని చూపించాడు. వాళ్లూ పాపం మెచ్చుకున్నారు. తర్వాత రోడ్డుకు అవతల ఎర్రగా ఉన్నది ఎవరిదని అడిగాడు. అది మెరక మీదున్న ఆయన వియ్యంకుడి చేను.

"బావగారిది బతికిందన్నమాట," అన్నాడు.

కుర్చీ ముందుకు జరుపుకుని, కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాడు. నెమ్మదిగా అడిగాడు.

"మన దాంట్లో ఒక్క ఎర్రచుక్కైనా లేదా అమ్మాయ్?"

ఫోటో పెద్దది చేసి గట్టు నుంచి గట్టుదాకా వెతికాను. లేదు.

"ఇంకాస్త పెద్దది చెయ్యి," అన్నాడు.

చేశాను.