మాస్టారు పేరు పెట్టిన జబ్బు

ఆ ఊళ్ళో ఎంతమంది ఆమె చేసిన పళ్ళతో తింటున్నారో, ఎంతమంది ఆ పళ్ళతోనే కసురుకుంటున్నారో ఆమెకు తెలియదు. ఇరవై ఆరేళ్ళుగా ఆమె పని కట్టుడు పళ్ళు చేయడం. డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తారు. ల్యాబులో, మెట్ల కింద ఇరుకు గదిలో కూర్చుని ఆమె ఆ అచ్చుల మీద గులాబీ రంగు మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు ఒక్కొక్కటే నిలబెడుతుంది. వీధిలో అందరూ ఆమెను పళ్ళావిడ అంటారు. అలా పిలిస్తే ఆమె పలుకుతుంది కూడా.

పని అయిపోయింది కదా అని ఆమె సెట్టును వెంటనే పెట్టెలో పెట్టేయదు. పొడుగు కాడ ఉన్న చిన్న గుండ్రటి అద్దం తీసుకుని ప్రతి పన్ను వెనకా చూస్తుంది. "ముందువైపు అందరూ చూస్తారు. నాలుక తగిలేది వెనకే కదా" అంటుంది. చూడడం అయ్యాక పెట్టె మూత చుట్టూ మైనం కరిగించి ఒక చుట్టు వేస్తుంది. అది పగలకుండా చేరితే దారిలో ఎవరూ పెట్టె తెరవలేదని డాక్టరుకు అర్థమవుతుంది. ఈ అలవాటు చివరికి ఇంటికి కూడా పాకింది. మందు సీసాల దగ్గర్నుంచి అగరుబత్తి డబ్బా దాకా ఆ ఇంట్లో మూత అన్నదానికల్లా గులాబీ పట్టీ ఉంటుంది. భర్త లారీ వర్క్‌షాపుకు టిఫిను పట్టుకెళ్ళేటప్పుడు, "దీనికి కూడా సీలు వేశావేమిటే" అని రోజూ అడుగుతాడు.

హాల్లో ఒక చేపల తొట్టి ఉంది. మంచమంత పొడుగు, అందులో ఉన్నవి మాత్రం రెండే రెండు. డిస్కస్ అనే జాతి. పళ్ళెంలా గుండ్రంగా, పలచగా, ఒంటి నిండా నీలి గీతలతో ఉంటాయి. నాలుగేళ్ళ కిందట కోటు గుండీ అంతవి తెచ్చింది, ఇప్పుడు అరచేతిని మించాయి. అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆవిడ కుర్చీ ఆ తొట్టి ముందే. ఆవిడ ఒక చేపను 'ఆయన' అనీ, రెండోదాన్ని 'ఈవిడ' అనీ అనేది. ఏది మగదో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆవిడకు మాత్రం అనుమానమే లేదు.

ఆ చేపలు వచ్చింది మాస్టారి షాపు నుంచి. మాస్టారు బడిలో ఎప్పుడూ పాఠాలు చెప్పలేదు. చేపల గురించి ఎవరేం అడిగినా కూర్చోబెట్టి పాఠం చెబుతాడు కనుక ఆ పేరు పడింది. ఇంటి తొట్టిలోంచి సీసాడు నీళ్ళు పట్టుకెళ్తే ఆయన వాసన చూసి, చుక్కల మందు వేసి, రంగు చూసి, ఏం చేయాలో సీసా మీదే రాసి ఇచ్చేవాడు. ఒకసారి ఆమె తొట్టి హీటరు పాడైతే షాపు మూసి మరీ ఇంటికి వచ్చాడు. పన్నెండేళ్ళ నమ్మకం అది. ఈ మధ్య షాపు పెద్ద రోడ్డు మీదికి మారింది. అద్దాల గోడలు, ఏసీ, యూనిఫారం వేసుకున్న పనివాళ్ళు వచ్చారు. మాస్టారు కౌంటరు వెనక్కి వెళ్ళాడు. 'అమ్మా' అనేవాడు కాస్తా 'మేడమ్' అనడం మొదలుపెట్టాడు.

ఒక సోమవారం రెండు చేపలూ ఫిల్టరు గొట్టం ఉన్న మూలకు చేరాయి. తిండి వేస్తే ముట్టలేదు. నీలి గీతలు మాసిపోయి ఒళ్ళు నల్లబడింది. ఆ నలుపు మీద తెల్లగా, జిగురుగా ఒక పొర. మరునాడు కూడా అంతే.  సాయంత్రం పళ్ళావిడ సీసాలో నీళ్ళు పట్టి, అలవాటుగా మూతకు మైనం చుట్టి, షాపుకు వెళ్ళింది.

"అక్కడ పెట్టండి మేడమ్, చూస్తా" అన్నాడు మాస్టారు. అప్పటికే కౌంటరు మీద ఇరవై సీసాలున్నాయి. ఆయన చూపు ఫోన్లో ఉంది.

"రెండూ నల్లబడ్డాయి మాస్టారూ. ఒంటి మీద జిగురు పట్టింది."

"చర్మం జబ్బు. ఇప్పుడు ఎక్కడ చూసినా అదే."

"ఫొటో తీసుకొచ్చాను."

"ఇలాంటివి నేనెన్ని చూసుంటాను మేడమ్!"

"వీలైతే ఒక్కసారి ఇంటికొచ్చి..."

"నాకు తల గోక్కోవడానికే తీరిక లేదు" అంటూ పేరూ ఊరూ లేని ఒక సీసా ఇచ్చాడు. "రేపు పొద్దున రెండు మూతలు పొయ్యండి. మూడు రోజులు."

"ఇందులో ఏముంది?"

"మందు" అన్నాడు మాస్టారు.

ఇంటికొచ్చిన కాసేపటికి ఫోనుకు మెసేజ్ వచ్చింది. 'మీ నీళ్ళు చూశాను. బాగానే ఉన్నాయి.' పళ్ళావిడ ఊపిరి పీల్చుకుంది. అత్తగారు మాత్రం మూతి తిప్పింది.

"జబ్బా? జబ్బు పడ్డవి ఇలా కాపలా కాస్తాయా అమ్మాయ్? ఒకటి పక్కకు పోతే రెండోది వచ్చి నిలబడుతోంది. పొద్దుట్నుంచీ అదే వరస."

"మాస్టారు చెప్పారు కదా అత్తయ్యా."

"రోజంతా ఇక్కడ కూర్చున్నది మీ మాస్టారా, నేనా?"

పళ్ళావిడ చెవిన వేసుకోలేదు. మోకాలి నొప్పికి తోడు తోచక అంటోందనుకుంది.

బుధవారం పొద్దున ఒక మూత మందు పోసింది. మందు బాగా కలవాలని, గొట్టాన్ని కొంచెం తిప్పుదామని నీళ్ళలో చెయ్యి పెట్టింది. నాలుగేళ్ళుగా చెయ్యి కనిపిస్తే చాలు అవతలి మూలకు పారిపోయే చేప బాణంలా వచ్చి ఆమె వేలిని పొడిచింది. ఆమె ఉలిక్కిపడి చెయ్యి లాగేసుకుంది. మళ్ళీ పెట్టింది. ఈసారి రెండూ పొడిచాయి.

చావబోయే చేపలకు ఈ రోషం ఎక్కడిది? ఆమె రెండో మూత పక్కన పెట్టేసింది. పని సంచిలోంచి పళ్ళ అద్దం తీసింది. పొడుస్తున్నా పట్టించుకోకుండా దాన్ని గొట్టం వెనక్కి, గోడవైపుకు దించి చూసింది.

గొట్టం వెనక బతుకు ఉంది.

మొదట దూది అనుకుంది. తర్వాత ఆ దూది కదిలింది. పిల్లలు నూరు దాటి ఉంటాయి. ఒక్కొక్కటి కనురెప్ప వెంట్రుకలో సగం. తలలు గొట్టానికి అంటుకుని ఉన్నాయి, తోకలు మాత్రం ఆడుతున్నాయి. అన్నీ ఒకేసారి, ఆగకుండా, గాలికి పచ్చిక అల్లాడినట్టు. ఆమె చూస్తుండగానే ఒకటి పట్టు జారి కిందికి పడబోయింది. చేప చటుక్కున వచ్చి దాన్ని నోట్లోకి తీసుకుంది. తినేసిందనుకుని ఆమె కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ఆ చేప పిల్లను మళ్ళీ గొట్టానికి, దాని చోటనే, ఉమ్మి అంటిస్తోంది.

"అత్తయ్యా!" అంది.  అద్దం అత్తగారి వైపు తిప్పి పట్టుకుంది. ఆవిడ కుర్చీలోంచి ముందుకు వంగి, చాలాసేపు చూసి, "ఈవిడ పురుడు పోసుకుంటే మనం మందు పోశామా?" అంది.

పళ్ళావిడ అద్దాన్ని మళ్ళీ గొట్టం వైపు తిప్పింది. మరో రెండు పిల్లలు రాలాయి. ఈసారి వాటి తోకలు ఆడలేదు. ఉన్నపళాన నీళ్ళన్నీ మారిస్తే ఆ తేడాకే మిగతావి చస్తాయి. మార్చకపోతే మందుకు చస్తాయేమో. అందులో ఏముందో తెలిస్తే కదా! ఫోన్ చేసింది.

"డిస్కస్ పిల్లలా? మన నీళ్ళలోనా?" మాస్టారు నవ్వాడు. "ఇరవై ఏళ్ళలో ఒక్కరింట్లోనూ కాలేదు మేడమ్. అవి పురుగులై ఉంటాయి. రెండో మూత పొయ్యండి, పోతాయి."

ఆమె ఫోన్ పెట్టేసి, చెప్పులేసుకుని, షాపుకు నడిచింది. అప్పుడే తలుపులు తీస్తున్నారు. కౌంటరు మీద నిన్నటి సీసాలు వరసగా అలాగే ఉన్నాయి. తనది గుర్తుపట్టడం కష్టం కాలేదు. మూత చుట్టూ గులాబీ మైనం చెక్కుచెదరలేదు. ఆమె దాన్ని తీసి మాస్టారి ముందు పెట్టింది.

"మీరు చూసిన నీళ్ళు ఇవే."

మాస్టారు మైనం వంక చూశాడు. పక్కనున్న పనివాళ్ళ వంక చూశాడు. "రద్దీలో... అంటే మేడమ్... ఇంకో సీసా ఫ్రీగా ఇస్తాను, ఏమనుకోకండి."

"సీసా వద్దు మాస్టారూ. మీ మీద అరవడానికి కూడా రాలేదు, దానికి నాకు టైం లేదు. మీరిచ్చిన మందులో ఏముంది? ఆ పిల్లలు బతుకుతాయా, లేదా? అది చెప్పండి."

ఆయన లోపలి గదిలోకి వెళ్ళాడు. అక్కడ పెద్ద డబ్బాలోంచి చిన్న సీసాల్లోకి మందు ఒంపుతారు. తిరిగి వచ్చి కౌంటరు ఇవతల నిలబడ్డాడు.

"గుడ్లూ పిల్లలూ ఉన్న తొట్టిలో వాడకూడదని రాసుందమ్మా. డబ్బా మీద ఉంది. నేనే చదవలేదు." ఆ వెంటనే, "రెండో మూత పోశారా?" అన్నాడు.

"లేదు. చేప పొడిచింది."

"మంచి పని చేసింది" అన్నాడు మాస్టారు. పనివాళ్ళకు తాళాలు అప్పగించి, తన డిస్కస్ తొట్ల నీళ్ళు నాలుగు క్యాన్లలో నింపి, మందును పీల్చేసే బొగ్గు పొట్లం ఒకటి పట్టుకుని, ఆమెకంటే ముందే బయటికి నడిచాడు.

ఇంటి గుమ్మంలోనే అత్తగారు అందుకుంది. "రా నాయనా. రోగిని చూడకుండా మందు రాసే డాక్టరువి నువ్వేనా?"

"తప్పయిపోయింది పెద్దమ్మా."

"తప్పు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ క్యాను ఎత్తు."

బొగ్గును ఫిల్టర్లో పెట్టారు. సన్నటి ట్యూబుతో పాత నీళ్ళు తీస్తూ, కొత్త నీళ్ళు చుక్కచుక్కగా వదిలారు. మధ్యాహ్నం దాకా అదే పని. ట్యూబు కొస ఒకరు పట్టుకుంటే క్యాను ఒకరు ఎత్తారు. మధ్యలో పళ్ళావిడ అద్దం ఆయన చేతికిచ్చింది. మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని గొట్టం వెనక చూశాడు. చూసి, అద్దం తిరిగి ఇవ్వడం మరిచిపోయాడు. ఆయన ఫోన్ జేబులో మోగి మోగి ఆగిపోయింది.

"వీటిని వేలల్లో అమ్మానమ్మా" అన్నాడు చివరికి. "అన్నీ బయటి నుంచి సంచుల్లో వస్తాయి. సంచిలోంచి తొట్టిలోకి, తొట్టిలోంచి సంచిలోకి. ఇది మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు."

ఆ రోజు మూడో వంతు పిల్లలు పోయాయి. తొట్టి అడుగున తెల్లటి పొడిలా పేరుకున్నాయి. గురువారం ఇంకొన్ని పోయాయి. మాస్టారు రెండు పూటలా వచ్చాడు, నీళ్ళు వాసన చూశాడు, చుక్కలు వేసి రంగు చూశాడు. బతికిన పిల్లలు గొట్టాన్ని వదిలి ఈదడం మొదలుపెట్టగానే తిండి దొరకాలి, లేదంటే ఒక్క రోజు కూడా నిలవవని చెప్పాడు. మనం వేసే తిండి వాటి నోట పట్టదట. మరేం తింటాయని అడిగితే తల దించుకున్నాడు.

"తల్లీతండ్రుల ఒంటి మీది పొర తింటాయని ఎప్పుడో చదివాను. అప్పట్లో నేనే నమ్మలేదు. నేను జబ్బన్నది దాన్నే."

శనివారం పొద్దున ఏడింటికి అత్తగారి కేక వినిపించింది. పళ్ళావిడ తడి చేతులతోనే హాల్లోకి పరుగెత్తింది. అప్పుడే లోపలికి అడుగు పెట్టిన మాస్టారు చెప్పులు విప్పడం మధ్యలో ఆపేశాడు.

పిల్లలు గొట్టాన్ని వదిలేశాయి. అరవై, డెబ్బై ఉంటాయేమో. చిన్న పొగలా నీళ్ళలోకి లేచి, ఎటు పోవాలో తెలియనట్టు ఒక క్షణం తిరిగాయి. ఇంత తొట్టిలో నల్లగా కనిపించేవి రెండే ఆకారాలు. పిల్లలు మొదటి దాని వైపు కదిలాయి.

"అందుకా నల్లబడ్డది!" అన్నాడు మాస్టారు గొంతు తగ్గించి. "పిల్లలకు దారి కనపడాలని."

పొగ వెళ్ళి చేప పక్కను అంటుకుంది. అంత పెద్ద చేప కదలకుండా నిలబడింది. రెక్కల కొసలు మాత్రం వణుకుతున్నాయి. పిల్లలు ఒంటి పొరను కొరుకుతుంటే అక్కడక్కడా సూదిమొన అంత నలుపు బయటపడుతోంది. నాలుగైదు నిమిషాలయ్యాక ఆ చేప ఒక్కసారి ఒళ్ళు విదిలించి పక్కకు తప్పుకుంది. పిల్లలన్నీ నీళ్ళ మధ్య చెల్లాచెదురయ్యాయి. పళ్ళావిడ చెయ్యి తనకు తెలియకుండానే నోటికి అడ్డం వెళ్ళింది. అప్పటిదాకా దూరంగా ఉన్న రెండో చేప మెల్లగా వచ్చి ఆ ఖాళీలో నిలబడింది. ఒక్క పిల్ల తప్పిపోకుండా మొత్తం పొగ దాని ఒంటి మీదికి చేరింది. మొదటిది ఒక చుట్టు ఈది, నోరు తెరిచి మూసి, ఐదు రోజుల్లో మొదటిసారి తిండి మెతుకు ఒకటి అందుకుంది.

"వీళ్ళకు ఇది ఎవరు నేర్పారే?" అంది అత్తగారు. 

పళ్ళావిడ తొట్టికి మరీ దగ్గరగా వంగింది. ఆ పిల్లల నోళ్ళు చూడాలని ఆమె కోరిక. కళ్ళద్దాలు పెట్టుకుంది, ఊపిరి బిగబట్టింది, అయినా కనిపించలేదు. అవి తింటున్నాయని మాత్రం తెలుస్తోంది. పిల్లల కడుపులు ఒక్కొక్కటే ఆవగింజలో సగమంత గుండ్రబడుతున్నాయి. అవి నిండుతున్న కొద్దీ చేప ఒంటి మీది తెలుపు తరుగుతోంది.

ల్యాబుకు వెళ్ళే వేళ దాటిపోయింది. ఇరవై ఆరేళ్ళలో ఆమె అలా ఆలస్యం కావడం అదే మొదటిసారి. మాస్టారు ఒక కాలికి చెప్పుతోనే గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మంటేనే వచ్చేలా ఉన్నాడు.

"ఆ చెప్పు విప్పి ఇలా రండి మాస్టారూ" అంది ఆమె, తొట్టి మీంచి కళ్ళు తిప్పకుండా. "అక్కడి నుంచి ఏం కనిపిస్తుంది?"