నా అర్జీలో ఆరో అంశం

సహోదరులారా, ఈ సాక్ష్యం రాయమని పత్రికవారు అడిగి రెండేళ్లయింది. నేను రాయలేదు. అంతకుముందు ఒక కూడికలో నాకు పది నిమిషాలిస్తామని చెప్పి, నాలుగో నిమిషానికే పాట ఎత్తుకున్నారు, అది నేను మరిచిపోలేదు. అయినా ఇందులో మహిమ నాది కాదు, దేవునిదే, గనుక రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో నేను న్యూజెర్సీలో ఒక ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ల్యాబ్ నేలమాళిగలో ఉండేది, నెత్తిమీద ఆవిరి గొట్టాలు, కిటికీ లేదు. గుంటూరులో కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పి వచ్చినవాణ్ణి, ఏడాది తిరక్కుండా సూపర్‌వైజర్‌ను చేస్తామన్నారు, ఆరేళ్లయినా చేయలేదు. నేను పని నేర్పిన ముగ్గురు తెల్లవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పై అంతస్తుకు వెళ్లారు. సమర్పణరావు అనే నా పేరు నోరు తిరగదని నన్ను ‘సామీ’ అనే అమెరికా పేరుతో పిలిచారు. ఎవరు ఏ రోజు ఏమన్నారో నేను నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి, రాసుకున్నకొద్దీ అన్నం సహించేది కాదు, కడుపులో పుండు పడింది. ఆ రోజుల్లో నా ప్రార్థన ఒకటే. "ప్రభువా, నన్ను పైకి తీసుకో, వాళ్లను నా కళ్లముందు సిగ్గుపరచు." అంతకుమించి ఏమీ అడగలేదు.

మా ప్రాంతానికి రాష్ట్ర అసెంబ్లీలో మిసెస్ ప్రూయిట్ అనే నల్లజాతి ఆవిడ సభ్యురాలు. పాస్టరు గారి కూతురు, ఆదివారం బడిలో పిల్లలకు పాఠం చెప్పేది, శనివారం ఉదయాలు వాళ్ల చర్చి హాలులో మడత కుర్చీ వేసుకుని కూర్చుని ఎవరు ఏ బాధ చెప్పుకున్నా వినేది. ఆవిడకు నేను, మన దేశంలో కలెక్టరు గారికి రాసినట్టే, విషయం, సూచిక, నా డిగ్రీలు, పదకొండు అంశాలు వేసి అర్జీ టైపు చేశాను. మనవాళ్ల అలవాటు మీకు తెలుసు కదా, కింద ‘ప్రతులు’ అని రాసి గవర్నరుకూ, ఆస్పత్రి పెద్దకూ, గుర్తొచ్చిన ప్రతి అధికారికీ ఒక్కో కాపీ పంపాను.

శనివారం వెళ్లాను. ఆవిడ అద్దాలు పెట్టుకుని అర్జీ అంతా చదివి, "బ్రదర్, ఆరోది పైకి చదవనా?" అంది.

"చదవండి మేడమ్" అన్నాను.

చదివింది. ‘నేను నల్లవాణ్ణి కాను. ఉన్నత విద్యావంతుడనైన భారతీయుణ్ణి. నన్ను నల్ల పనివారితో కలిపి నేలమాళిగలో ఉంచడం నా హోదాకు అవమానం.’

సహోదరులారా, ఒట్టు పెట్టక్కర్లేదు, ఉన్నమాట చెబుతున్నాను, అప్పుడు నాకు అందులో తప్పేమీ కనబడలేదు.

"ఆ గదిలో మీతో ఎవరు పనిచేస్తారు?" అని అడిగింది.

"గాజుసామాను కడిగే లొరెట్టా అని ఒకావిడ."

"ఆవిడకేం జరిగింది?"

"నాకు తెలియదు మేడమ్."

"ఎన్నేళ్లు?"

"ఆరు."

ఆవిడ కోప్పడలేదు. నా కేసు తీసుకుంటానంది. వైద్యశాలల్లో ఎవరిని ఎందుకు పైకి పంపారో, ఎవరిని ఎందుకు ఆపారో కాగితం మీద చూపించి తీరాలని తాను ఒక బిల్లు పెడుతున్నానని, రాజధాని ట్రెంటన్‌లో కమిటీ ముందు సాక్షులు కావాలని చెప్పింది, నేను వస్తానన్నాను. తర్వాత తల వంచి ప్రార్థన చేసింది. "తండ్రీ, ఈ సహోదరుడికి జరిగిన అన్యాయం నిజం. ఇతను నన్ను ఏమనుకుంటున్నాడో నీకు తెలుసు, నాకూ తెలుసు. అయినా ఇతనికి న్యాయం జరిగించు."

ఆ ‘అయినా’ నన్ను వదలలేదు. కారు స్టార్ట్ చేయకుండా పార్కింగులోనే కూర్చుండిపోయాను. నా చిన్నప్పుడు మా ఊరి దేవాలయంలో ఒక పెద్ద కులపు క్రైస్తవుడు, మాలపల్లెవారు నోరు పెట్టిన గిన్నెలో తాము ప్రభువు బల్ల ద్రాక్షారసం తీసుకోలేమని మిషనరీ దొరకు అర్జీ పెట్టాడు. మాది మాలపల్లె. తెల్ల పంచె కట్టుకుని ముందు వరుసలో నిలబడిన మా నాన్నను అందరి తర్వాత రమ్మన్నారు. నాన్న వెనక్కి నడిచిన నడక నాకు జ్ఞాపకం. ఆ అర్జీ రాసిన మనిషిని నేను ఈ రోజు వరకు క్షమించలేదు, అటువంటి నేనే ఆ మాటను ఇంగ్లీషులో టైపు చేసి పది చోట్లకు పంపాను.

సోమవారం లొరెట్టా దగ్గరకు వెళ్లి, మీకిక్కడ ఏం జరిగిందని అడిగాను. ఆవిడ చేతులు తుడుచుకోకుండానే నా వంక చూసింది.

"ప్రొఫెసర్ గారికి ఒంట్లో బాగాలేదా? ఆరేళ్లకి మాట్లాడుతున్నారు."

"బాగానే ఉంది. చెప్పండి."

"రాత్రి బడికి పోయి టెక్నీషియన్ పరీక్ష పాసయ్యాను. రెండుసార్లు అప్లై చేశాను. మొదటిసారి ఖాళీ లేదన్నారు. రెండోసారి ఖాళీ ఉంది, దాంట్లో నువ్వొచ్చావు."

అని మళ్లీ గాజు గొట్టాలు కడగసాగింది. నా నోటుబుక్కులో ఈ సంగతి లేదు. ఆ రోజు రాసుకున్నాను, నాది కాని అన్యాయం రాసుకోవడం అదే మొదటిసారి.

కమిటీ ఇంకా రెండు వారాలుందనగా ఆస్పత్రి పెద్ద నన్ను పైకి పిలిపించి, కుర్చీ చూపించి, సూపర్‌వైజర్ పోస్టు నీదే అన్నాడు. "ఇక నువ్వు ట్రెంటన్ దాకా వెళ్లే పని ఉండదుగా, సామీ" అని కూడా అన్నాడు. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ సుగుణ గరిటె కింద పెట్టింది. "ఏవండీ, దీనికోసమే కదా ఆరేళ్లూ ఏడ్చారు. తీసుకోండి, మీ కడుపన్నా చల్లబడుతుంది." మన తెలుగు కూడిక పెద్ద ఒకాయన ఫోన్ చేసి మరీ చెప్పాడు. "దేవుడు తెరిచిన తలుపండీ ఇది. మనకెందుకు ఆ నల్లోళ్ల గొడవ?" ఆయన ఈ పత్రిక చందాదారుడు, చదవనివ్వండి.

మూడో రోజు పొద్దున రక్తం కక్కుకున్నాను. ఆస్పత్రి మంచం మీద, ముక్కులో గొట్టంతో, పెదవులు కదపకుండా ప్రార్థించాను. "ప్రభువా, ఆ కుర్చీ నాకు కావాలి. చాలా కావాలి. అది తీసుకుంటే లొరెట్టా ముఖం చూడలేను, నీ ముఖం కూడా చూడలేను. నాకు చేతకావడం లేదు, నువ్వే చెయ్యి." దర్శనమేమీ రాలేదు. నిద్ర పట్టింది, అంతే. ఆరేళ్లలో అటువంటి నిద్ర ఎరగను. లేచేసరికి ఆ కుర్చీ వద్దని చెప్పగలనని నాకు తెలిసింది, చెప్పాను.

కమిటీ రోజున లొరెట్టాను నా కారులో ఎక్కించుకుని రూట్ వన్ రోడ్డు మీద ట్రెంటన్ వెళ్లాను. కమిటీ హాలులో ఆవిడ వెనక బెంచీలో కూర్చుంది. నేను తేదీలతో సహా, ఎవరు ఏ మాటన్నారో, నావీ ఆవిడవీ చెప్పుకుపోతున్నాను. మధ్యలో ఒక సభ్యుడు చెయ్యెత్తి, ఒక కాగితం తీసి, "ఇది మీరు రాసిందేనా?" అని నా ఆరో అంశం పైకి చదివాడు. నేను పంపిన కాపీలలో ఒకటి. హాలులో ఎవరో నవ్వారు. "మీకే వాళ్లతో కూర్చోవడం అవమానమైతే, మమ్మల్ని ఏం చేయమంటారు?" అన్నాడు.

వెనక్కి తిరిగి లొరెట్టాను చూడలేకపోయాను. "అది నేను రాసిందే. అది పాపం. మిగతా పది అంశాలూ నిజం, ఆమెకు జరిగింది అంతకంటే నిజం. అది ఇంకా చెప్పడం పూర్తికాలేదు, చెప్పనివ్వండి" అన్నాను. చివరిదాకా చెప్పాను.

తిరిగి వచ్చేటప్పుడు సగం దారికి వచ్చాక నేను క్షమాపణ అడిగాను. "ఆ కాగితం నాకు కొత్త కాదు ప్రొఫెసర్. ఆరేళ్లుగా నీ ముఖం మీద చదువుతున్నా. కాస్త మెల్లగా నడుపు" అంది. క్షమించానని అనలేదు. ఇంతవరకూ అనలేదు.

ఆ ఏడాది బిల్లు కమిటీలోనే వీగిపోయింది. నన్ను నేలమాళిగలోనే ఉంచారు. మిసెస్ ప్రూయిట్ మళ్లీ పెట్టింది, మళ్లీ పోయింది, మూడోసారి నెగ్గింది, అప్పటికి లొరెట్టా మోకాళ్లు పోయి రిటైరైంది. నల్లవాళ్ల పక్షమే చూస్తుందని ప్రచారం చేసి ఆ తర్వాతి ఎన్నికలో మిసెస్ ప్రూయిట్‌ను ఓడించారు. ఆవిడ ఇప్పటికీ శనివారాలు ఆ హాలులోనే కూర్చుంటుంది, పదవి లేకపోయినా జనం వస్తున్నారు. నేను పక్క కుర్చీలో కూర్చుని వాళ్లు చెప్పేది రాస్తాను.

నా కడుపు పుండు మానింది, దేవునికే స్తోత్రం. నాకు జరిగినవి మాత్రం ఆయన మరిపించలేదు, ఒక్కటి కూడా. ఆ జ్ఞాపకాన్ని తీసేయమని అడిగాను, ఆయన తీయలేదు, దానికి పని చెప్పాడు. ప్రియులారా, మీకు జరిగిన అన్యాయాన్ని మరిచిపొమ్మని నేను చెప్పను, చెప్పే అర్హత నాకు లేదు. దాన్ని పట్టుకుని ఆయన దగ్గరకు రండి, ఆయన వింటాడు. ఒంటరిగా మాత్రం రాకండి, మీ పక్కన పనిచేసే మనిషిని అడిగి రండి.