పసుపు వద్దన్న ఫ్లోరా ఆంటీ

మొన్న శనివారం పొద్దున కజ్జికాయలు వేయిస్తుంటే, నూనెలో మైదా అంచు ఎర్రబడేటప్పుడు వచ్చే ఆ కమ్మటి వాసనకి ఫ్రిస్కోలోని మా వంటిల్లు, దాని రాతి గట్టు, మంట కనపడని పొయ్యి అన్నీ ఎటో పోయి, హ్యూస్టన్‌కి తూర్పున ఉన్న రిఫైనరీ ఊళ్ళో మా పక్కింటి వంటింటి కిటికీ, దానికి వేలాడే ఆకుపచ్చ కర్టెన్ కళ్ళముందుకొచ్చాయి. మా అమ్మ కజ్జికాయల్లో కొబ్బరీ పంచదారా యాలకుల పొడీ కూరితే, ఆ కర్టెన్ వెనకుండే ఫ్లోరా ఆంటీ అదే ఆకారంలో చీజు పెట్టి, అంచుని మాత్రం అచ్చం అమ్మలాగే వేళ్ళతో మెలికలు తిప్పేది. ఎవరు ఎవరికి నేర్పారని అడిగితే ఇద్దరూ నేనే అంటే నేనే అనేవాళ్ళు.

డెబ్భైల చివర, నాకు అయిదేళ్ళప్పుడు మేం కాకినాడ నుంచి ఆ ఊరు వచ్చాం. నాన్న రిఫైనరీలో కెమికల్ ఇంజినీర్. వేసవి అంటే అక్కడ మామూలు వేసవి కాదు, ఒంటికి తడిబట్ట చుట్టినట్టుండే ఉక్క, సాయంత్రమైతే దోమల మందు చల్లుతూ పోయే లారీ, దాని వెనక సైకిళ్ళ మీద మేము, ఎప్పుడూ గాల్లో ఉండే కుళ్ళిన కోడిగుడ్ల కంపు. ఆ కంపు మన అన్నం తాలూకు వాసన, ముక్కు మూసుకోకండి అనేవారు నాన్న. చుట్టుపక్కల మరో తెలుగు కుటుంబం లేదు. తెలుగు మాట వినాలంటే గంటసేపు డ్రైవ్ చేసుకుని హ్యూస్టన్ వెళ్ళాలి, అమ్మకి డ్రైవింగ్ రాదు. పగలంతా గోడలు చూస్తూ కూర్చున్న అమ్మకి ఆ ఊళ్ళో దొరికిన ఒకే ఒక్క స్నేహితురాలు ఫ్లోరా ఆంటీ. అమ్మకి ఇంగ్లిషు వచ్చిందంటే అది ఆంటీ చలవే, అందుకే ఇప్పటికీ అమ్మ కొన్ని మాటలు ఆంటీ యాసలో పలుకుతుంది.

ఆంటీ వాళ్ళది కరీబియన్ సముద్రంలో ఒక చిన్న దీవి. దాని పేరు నేనిక్కడ రాయను. రాస్తే అక్కడివాళ్ళు ఇది ఎవరింటి సంగతో ఇట్టే పోల్చుకుంటారు, అంత చిన్నది. అయినా సొంత శాసనసభ, సొంత ప్రధానమంత్రి, అరడజను మంది మంత్రులు, సొంత తపాలా బిళ్ళలు అన్నీ ఉండేవి. సైన్యమూ విదేశాల సంగతులూ మాత్రం సముద్రం అవతలి రాణిగారి చేతిలో. మా హైస్కూల్ ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో కూర్చోబెడితే ఆ దేశపు ఓటర్లలో సగంమంది సరిపోతారని నాన్న నవ్వేవారు. ఆ నవ్వు ఆంటీ భర్త హ్యూబర్ట్ అంకుల్ ముందు మాత్రం నవ్వేవారు కాదు.

ఎందుకంటే అంకుల్‌కి రాజకీయమే ప్రాణం. అక్కడ రెండే పార్టీలు, పసుపు, ఆకుపచ్చ. వాటికి పెద్ద పెద్ద పేర్లు ఉన్నా ఎవరూ పలికేవారు కాదు, నువ్వు పసుపా, ఆకుపచ్చా, అంతే. పుట్టిన ఇంటిని బట్టి రంగు, రంగుని బట్టి పెళ్ళిసంబంధం, కొట్లో అప్పు, హార్బర్‌లో ఉద్యోగం. ప్రభుత్వం మారితే మంత్రులే కాదు, బడిలో గంట కొట్టే మనిషి కూడా మారిపోతాడట. అంకుల్ కరుడుకట్టిన పసుపు. దీవి నుంచి రెండు వారాల పాత పేపర్లు కట్టలుగా పోస్టులో వచ్చేవి, ఆదివారం కారు షెడ్డులో డామినోలు ఆడుకుంటూ ఆయన వాటిని పైకి చదివేవాడు, శాసనసభలో ఎవరు ఎవరిని ఏమన్నారో గొంతులు మార్చి మరీ. మా ఊళ్ళోని నాలుగైదు పసుపు కుటుంబాలు అక్కడ చేరేవి. ఆకుపచ్చ వాళ్ళు రైలుపట్టాల అవతల ఇంకో షెడ్డులో చేరేవారు. చర్చి మాత్రం అందరికీ ఒకటే, బల్లలే వేరు. పుట్టిన గడ్డ వదిలేసి ఓటు కూడా లేని చోటికొచ్చి ఇంకా కొట్టుకు చస్తున్నారేమిటని అమ్మ ఆశ్చర్యపోయేది.

ఎనభైల మొదట్లో మన రాష్ట్రంలోనూ పసుపు జెండాలు లేచాయి. మామయ్య ఉత్తరాల నిండా అదే గొడవ. నాన్న ఆ సంగతి చెప్పగానే హ్యూబర్ట్ అంకుల్ డామినోలు పక్కన పడేసి లేచొచ్చి నాన్నని కావలించుకున్నాడు. ఆ రోజు నుంచి నాన్న ఆ షెడ్డులో గౌరవ సభ్యుడు, ఒక పసుపు టోపీ కూడా దక్కింది. ఆ టోపీ పెట్టుకుని నాన్న గడ్డి కోస్తుంటే అంకుల్ కారు ఆపి హారన్ కొట్టేవాడు.

ఫ్లోరా ఆంటీ మాత్రం ఆ షెడ్డులోకి తెల్ల గౌను వేసుకుని నిమ్మరసం తెచ్చి, మాట్లాడకుండా వెళ్ళిపోయేది. ఆవిడ వంటింట్లో ఎక్కడా పసుపు రంగు ఉండదని నేను ఎనిమిదేళ్ళప్పుడే కనిపెట్టాను. కర్టెన్ ఆకుపచ్చ, గిన్నెలు తుడిచే గుడ్డ ఆకుపచ్చ, అరటిపళ్ళు పచ్చివే కొనేది, మగ్గితే తీసుకెళ్ళి హాల్లో పెట్టేది. మా ఇంట్లో అన్నీ తినేది గానీ పులిహోర ముట్టేది కాదు, పులుపు పడదనేది. అదంతా ఏమిటని ఒక మధ్యాహ్నం అడిగితే, పిండి పిసుకుతూ చెప్పింది.

ఆవిడ తండ్రి దీవిలో పోస్టాఫీసులో పెద్ద గుమాస్తా, ఆకుపచ్చ ఇంటివాడు. పసుపు పార్టీ గెలిచింది. ఆయన్ని తీసెయ్యలేదు, వెనక గదిలో ఒక ఖాళీ బల్ల ముందు కూర్చోబెట్టారు, అంతే. పని లేదు, పలకరించేవాడు లేడు. ఆయన రోజూ ఇస్త్రీ చొక్కా, టై వేసుకుని వెళ్ళి, ఆ బల్ల ముందు కూర్చుని, సాయంత్రం ఇంటికొచ్చేవాడట. అలా రెండేళ్ళు వెళ్ళి, మూడో ఏడు చనిపోయాడు. పసుపు గెలిచిన నాడు లారీ ఎక్కి జెండా ఊపినవాళ్ళలో కొత్త అల్లుడు హ్యూబర్ట్ కూడా ఉన్నాడు. తండ్రిని పూడ్చిపెట్టిన రోజు ఆంటీ ఒట్టు పెట్టుకుంది, ఆ రంగు తన వంటింట్లోకి రాదు, తన ఒంటి మీదకి రాదని.

“మీ అమ్మకి చెప్పకు,” అంది. “మీ అమ్మ మీ నాన్నకి చెప్తుంది, మీ నాన్న అంకుల్‌తో ఒకే షిఫ్టు.” అంకుల్‌కి వచ్చే ఎన్నికల్లో పసుపు టికెట్ మీద ఆశ ఉంది. ఆకుపచ్చ పెళ్ళాం ఉన్నవాడికి టికెట్ ఇవ్వరు. అందుకని నా భార్య ఎప్పుడో మనవైపు వచ్చేసిందని ఆయన పార్టీ పెద్దలకు ఉత్తరం రాశాడు. షెడ్డులో అందరికీ అదే చెప్పాడు. నాకు ఆ రాజకీయం సగమే అర్థమైంది. కానీ పెద్దవాళ్ళ రహస్యం ఒకటి నా దగ్గరుందన్న గర్వంతో రెండు రోజులు నిద్రపట్టలేదు.

నాకు పదకొండేళ్ళు నిండిన శ్రావణంలో అమ్మ మొదటిసారి పెద్ద ఎత్తున వరలక్ష్మీవ్రతం చేసుకుంది. అంతకుముందు ఏళ్ళన్నీ దేవుడికీ తనకీ మధ్యే జరిగిపోయేది. ఆ ఏడు హ్యూస్టన్ నుంచి పదిమంది ఆంటీలు రెండు వ్యాన్లలో పట్టుచీరలు గరగరలాడించుకుంటూ వచ్చారు. ఇల్లంతా బూరెల వాసన, నానబెట్టిన శనగలు, అగరొత్తులు, పొగకి మోగిపోయే అలారం, దాని కింద విస్తరాకుల విసనకర్రతో నేను. నా స్నేహితురాలు లేకుండా నాకు పేరంటమేమిటని అమ్మ ఫ్లోరా ఆంటీని తనే వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అందరి మధ్యా కుర్చీలో కూర్చోబెట్టింది. ఆంటీ ముఖం వెలిగిపోతోంది. కుంకుమ పెట్టించుకుంది, గంధం రాయించుకుంది. అమ్మ కింద కూర్చుని పసుపు గిన్నె దగ్గరికి లాక్కుని, తడిపిన పసుపు అరచేతిలో తీసుకుని ఆవిడ పాదం పట్టుకుంది.

ఆంటీ కాళ్ళు చటుక్కున కుర్చీ కిందకి లాగేసుకుంది. “నో, శారదా. ప్లీజ్. నాట్ దిస్.” అమ్మ నవ్వుతూ, “ఇట్స్ గుడ్ ఫర్ హస్బెండ్, ఫ్లోరా,” అని, పోనీ తాంబూలమైనా తీసుకోమని పళ్ళెం అందించింది. పళ్ళెంలో ఆకులు, వక్కలు, పసుపుకొమ్ము, వాటి మీద మడతపెట్టిన జాకెట్టు ముక్క. అదీ పసుపే. ఆంటీ చేతులు చాపలేదు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని లేచి, గుమ్మం దాటి వెళ్ళిపోయింది.

“పసుపు కాదని పోతుందా, ఎంత మాట,” అని ఒకావిడ గొణిగింది. “వాళ్ళకేం తెలుసులెద్దురూ,” అని ఇంకొకావిడ సర్దిచెప్పింది. అమ్మ మిగతావాళ్ళకి పసుపు రాయడం పూర్తిచేసింది. అందరూ వెళ్ళాక మాత్రం, చేతికి ఎండిపోయిన పసుపు కడుక్కుంటూ, “నా చేత్తో ఇచ్చింది కాదందే,” అని ఏడ్చింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఒక్క మాట, ఒకే ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను చెప్పలేదు. ఆంటీ చెప్పొద్దందన్న భయం కొంత ఉంది, అబద్ధమెందుకు, అమ్మకి తెలియనిది నాకు తెలుసునన్న సంబరమూ కొంత ఉంది.

వారం తర్వాత ఆంటీయే వచ్చింది, చీజు కజ్జికాయల పళ్ళెం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పుకుని. అమ్మ కిటికీలోంచి చూసి, “లేనని చెప్పు పో,” అంది. నేను తలుపు తీసి అమ్మ ఇంట్లో లేదన్నాను. అనడమూ, వంటింట్లో కుక్కర్ విజిల్ వేయడమూ ఒక్కసారే జరిగాయి. ఆంటీ ఆ చప్పుడు విని నా వంక చూసింది. నువ్వు చెప్పలేదా అనో, చెప్పకపోవడమే మంచిదనో, ఆ చూపుకి అర్థం నాకు ఇప్పటికీ తెలియదు. పళ్ళెం నా చేతిలో పెట్టి, బుగ్గ తట్టి వెళ్ళిపోయింది. అమ్మ చెత్తబుట్టలో పడెయ్యమంటే, నేను గరాజ్‌లో కూర్చుని నాలుగు తినేసి మిగతావి పడేశాను. ఎంత బాగున్నాయో చెప్పడానికి సిగ్గుగా ఉంది.

మరుసటి ఏడాది అంకుల్‌కి టికెట్ వచ్చింది. సామానంతా ఓడకెక్కించి వాళ్ళు దీవికి వెళ్ళిపోయారు. నాన్న ఎయిర్‌పోర్టుకి వెళ్ళొచ్చారు, అమ్మ వెళ్ళలేదు, పొద్దుటి నుంచీ మంచం దిగలేదు. కొన్నాళ్ళకి అంకుల్ గెలిచానని పేపర్ కత్తిరించి పంపాడు. అందులో రంగుల ఫోటో, లారీ మీద అంకుల్, పక్కన ఫ్లోరా ఆంటీ. తల నుంచి కాళ్ళదాకా పసుపు గౌను, పసుపు రుమాలు. అమ్మ ఆ ఫోటో చాలాసేపు చూసింది. “మరి ఇప్పుడెలా వేసుకుంది? నేనిస్తేనే పనికిరాలేదన్నమాట,” అంది. ఆ ఒట్టు ఎంత కష్టపడి తెగిందో, ఎవరికోసం తెగిందో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. అప్పుడు నాకు పన్నెండు నిండాయి, చిన్నపిల్లనని తప్పించుకోవడానికి లేదు. అయినా నోరు మెదపలేదు.

అసలు తమాషా తర్వాత జరిగింది. రెండేళ్ళు తిరక్కుండా అంకుల్ మరో ఇద్దరిని వెంటేసుకుని ఆకుపచ్చ పార్టీతో కలిసిపోయి మంత్రి అయ్యాడు. నాన్న ఆ ఉత్తరం చదివి, “వీడూ మనవాడేనే,” అని పడీ పడీ నవ్వారు. ఆంటీ తండ్రి ఖాళీ బల్ల, ఆంటీ ఒట్టు, మా అమ్మ కన్నీళ్ళు, అన్నీ ఆ మంత్రి పదవి కిందకే పోయాయి. ఆ ఏడే చమురు ధరలు పడిపోయి రిఫైనరీలో మనుషుల్ని తీసేశారు, మేమూ డాలస్ వైపు వచ్చేశాం. ఇప్పుడు ఆ రెండు ఇళ్ళూ లేవు. కంపెనీ ఆ వీధంతా కొని పడగొట్టి కంచె వేసింది. షెడ్డు ఉన్నచోట గడ్డి ఉంది.

మొన్న అమ్మ స్టూలు మీద కూర్చుని కజ్జికాయల అంచులు తిప్పుతోంది. ఎనభైకి దగ్గరపడింది, వేళ్ళు వంకరపోయాయి, మెలికలు మాత్రం చెక్కుచెదరలేదు. వాసనకో, ఆ వేళ్ళని చూసో తెలియదు, నలభై ఏళ్ళు దాచిందంతా చెప్పేశాను. అమ్మ చేతిలో పిండి అలాగే పట్టుకుని విన్నది. తిడుతుందనుకున్నాను.

“ఆకుపచ్చది ఇచ్చేదాన్ని కదే,” అంది. “పెట్టెలో అడుగున అరడజను ఉన్నాయి ఆ రోజు. పసుపుది పైనుందని అదిచ్చాను.”

కాసేపటికి చేతులు కడుక్కుని తన గదిలోకి వెళ్ళి, వెతికి వెతికి ఒక చిలకపచ్చ జాకెట్టు ముక్క తెచ్చింది. “అడ్రస్ కనుక్కో. ఇప్పుడన్నీ ఫోన్‌లో దొరుకుతాయిగా.” దొరికింది, మూడేళ్ళ కిందటే దొరికింది. ఆ దీవి పేపర్లో మాజీ మంత్రి భార్య అని ఫ్లోరా ఆంటీ ఫోటో, కింద అంత్యక్రియల వేళ. ఆ రోజు బాత్రూమ్‌లో కూర్చుని ఏడ్చాను, అమ్మకి చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలని నోటిదాకా వచ్చింది.

అమ్మ బల్ల మీద జాకెట్టు ముక్క మడతపెట్టి, మీద రెండు వక్కలు, ఒక పసుపుకొమ్ము పెట్టింది. మళ్ళీ ఏమనుకుందో, పసుపుకొమ్ము తీసి పక్కన పెట్టేసి, “ఇప్పుడు తీసుకుంటుందిలే,” అంది.

“తీసుకుంటుందమ్మా,” అన్నాను.