ఈజిప్టు బాడిస

బిజినెస్ కోర్సుకని కెనడా వచ్చి, అక్కడి కేంబ్రిడ్జ్‌లో చెక్కపని కోర్సుకు మారిన తెలుగమ్మాయిని ఆ ఏడాది నేనొక్కదాన్నే అయ్యుంటాను. బేస్‌మెంట్‌లో నాతో ఉండే అమ్మాయిలకు సంగతి తెలిసిన రోజు వాళ్ల నవ్వు ఆగలేదు. "ఇంత దూరం ఫ్లైటెక్కి వచ్చి రంపం పట్టుకుంటావా తల్లీ?" అని ఒకమ్మాయి దండం పెట్టింది. పట్టుకుంటాను, నీకేం నొప్పి అన్నాను. వాళ్ల నవ్వు నన్నేం చేయలేదు. నా భయమంతా మా బాపుతోనే. ఆయనకింకా చెప్పలేదు.

బాపు వడ్రంగి. దుంగను కాలితో అదిమిపట్టి బాడిసతో చెక్కుతుంటే పేళ్లు ఎగిరి నా ఒళ్లో పడేవి. చూడనిచ్చేవాడు గానీ ఆ బాడిస మీద చెయ్యి వేస్తే కసిరేవాడు. "ఈ కష్టం నాతోనే ఆగాలె" అనేవాడు. అలాంటి మనిషికి నేనేమని చెప్పను?

ఒక సాయంత్రం క్లాసులో మా టీచర్ పనిముట్ల చరిత్ర చెబుతూ, ప్రాచీన ఈజిప్టు బొమ్మల లిపిలోని ఒక గుర్తును తెర మీద చూపించింది. చెక్క దిమ్మ మీద దిగుతున్న బాడిస! ఏరి ఎంచుకోవడం అనే మాటకు ఆ గుర్తు వాడేవారట. దేవుడు ఎంచుకున్నవాడని చెప్పుకోవడానికి రాజులు తమ బిరుదుల్లో దాన్నే చెక్కించుకున్నారట. మా ఇంట్లో గోనెసంచిలో పడుండే వస్తువుకు అంత మర్యాద! నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాన్ని చూసి ముఖం తిప్పుకున్న చుట్టాలందరి మీదా ఒక్కసారిగా కోపం కూడా వచ్చింది.

బస్‌స్టాప్‌లో నిలబడి క్లాసులో తీసుకున్న ఆ గుర్తు ఫోటో పంపి, బాపుకు వీడియో కాల్ చేశాను. అక్కడ అప్పుడే తెల్లారుతోంది.

"మన బాడిసే గద! ఎవరు గీసిండ్రు?" అన్నాడు.

చెప్పాను. అదే ఊపులో కోర్సు సంగతీ చెప్పేశాను. "నేను గూడ ఇదే ఎంచుకున్న బాపూ. కోపం చెయ్యకు."

ఆయన ఫోన్ కింద పెట్టేసినట్టున్నాడు, తెర మీద మా ఇంటి పైకప్పు మాత్రమే కనబడింది. బస్సు వచ్చినా ఎక్కలేదు. చాలాసేపటికి ఆయన ముఖం మళ్లీ కనబడింది.

"నా బాడిస పిడి నీకు లావైతది బిడ్డా," అన్నాడు. "నీ పిడికిట్ల ఎంత పడుతదో కొలిచి చెప్పు. కొత్తది చేస్త."