జలుబు చేసిన నాటి పాలు

ప్రభుత్వ పాడి సంస్థ వారి పాల కేంద్రంలో ఇరవై ఆరేళ్లు పరీక్షకుడిగా పనిచేసిన వ్యక్తిని పాలు పోసేవారందరూ ముక్కు బాబాయి అనేవారు. క్యాన్ మూత తీసి, ఒక్కసారి వాసన చూసి, "పోసెయ్" అనో "పక్కన పెట్టు" అనో చెప్పేవాడు. ఆ మాటకు తిరుగు లేదు. ఒక్క పశువు ఉన్నవారి నుంచీ, ఇరవై ఉన్నవారి నుంచీ ఒకే ధరకు, ఏ పూటా కాదనకుండా పాలు తీసుకొనే చోటు ఆ చుట్టుపక్కల అదొక్కటే.

వర్షాలు మొదలైన వారంలో ఆయనకు జలుబు చేసింది. పరీక్షకుడు లేని పూట కేంద్రం తెరవరాదని నిబంధన. తాను మానితే అన్ని ఇళ్ల పాలూ నేలపాలవుతాయని పనికి వచ్చాడు. సంగతి ఎవరికీ చెప్పలేదు. అనుమానం కలిగిన పాలను కాచి చూడవలెనని ఇంకో నిబంధన. వాసనే తెలియనివానికి అనుమానం ఎక్కడినుంచి కలుగుతుంది? మధ్యాహ్నానికి అందరివీ కలిపి పోసిన తొట్టెడు పాలూ విరిగాయి.

"ఎవరి క్యానయ్యా అది?" అని మేనేజరు గద్దించాడు.

"చివర పోసినావిడది కావచ్చండి," అన్నాడు బాబాయి.

పాలు పోసేందుకు ఆమెకిచ్చిన కార్డు రద్దయింది. ఆ ఉత్తర్వుకు శుభ్రప్రతి రాసినవాడిని, కేంద్రం గుమాస్తాను, నేనే. "కావచ్చు" అనే మాట అందులో లేదు. ఎందుకు లేదని అడగవలెనని నాకూ తోచలేదు.

పది రోజులు ఆమె వరసలో కనబడలేదు. పదకొండో రోజున బాబాయి వారింటికి వెళ్లాడు. ఆమె పెరట్లో ఖాళీ క్యాన్ తోముతోంది.

"రండి బాబాయ్. ఇది ఏడోసారి తోమడం. క్యాన్ సరిగ్గా తోమని మా కోడలి నిర్వాకం! కార్డు లాక్కున్న రోజున వరసలో అందరి ముందూ దులిపేశాను. అప్పట్నుంచి మూతి ముడుచుకు కూచుంది."

"తప్పు కోడలిది కాదమ్మా, నీదీ కాదు. ఆ రోజు నా ముక్కు పనిచెయ్యలేదు. పాడైన పాలు ఎవరివో నాకే తెలీదు. భయానికి నీమీదికి తోసేశాను."

ఆమె చేతిలోని పీచు జారిపోయింది. "ఎంత పని చేశారు బాబాయ్! ఆ పిల్లని ఎన్నేసి మాటలన్నానో!"

గుమ్మంలో నిలబడి కోడలు అంతా విన్నది. బాబాయి ఆమెకు చేతులు జోడించాడు.

"నాకు దణ్ణాలెందుకండీ? అత్తయ్య నన్ను తిట్టింది వరసలో. చెప్పేదేదో అక్కడే చెప్పండి," అన్నది.

మరునాడు ఉదయం బాబాయి, ఆవిడ కార్డు పునరుద్ధరించమని కోరే కాగితాన్ని నాకు అందజేసి, తూకపు యంత్రం పక్కన నిలబడ్డాడు. తన తప్పు చెప్పనారంభించాడు. మేనేజరు గదిలోంచి బయటికి వచ్చాడు.

"తర్వాత చెబుదువులే బాబాయ్, ఈలోగా మా పాలూ విరుగుతాయ్!" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

ఆ కోడలు వరస చివర, గేటు దగ్గర నిలబడి ఉన్నది. అంతదూరం వినపడలేదేమోనని బాబాయి గొంతు సవరించుకొని, మళ్లీ మొదటినుంచి, ఇంకా బిగ్గరగా చెప్పాడు.